ముందు ముఖం, తర్వాతే మందు

చర్మ క్లినిక్‌కు వెళ్లేవాళ్లలో చాలామంది మందు పేరు ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరతారు. ‘బొటాక్స్ చేయించుకోవాలి డాక్టర్ గారూ’ అంటారొకరు. ‘ఫిల్లర్ వేస్తే పదేళ్లు తగ్గినట్టు ఉంటుందట కదండీ’ అంటారింకొకరు. ఆ పేరు ఆడపడుచు చెప్పి ఉండొచ్చు, ఫోన్‌లో చూసిన రీల్ చెప్పి ఉండొచ్చు. పేరు చెప్పి అడిగితే ఆ మందు దొరుకుతుంది. తన ముఖానికి కావలసింది అదేనా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగకుండానే మిగిలిపోతుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీ ముఖంలో ఏం మారిందో ముందు తెలుసుకోండి. ఏ మందు, ఎంత, ఎవరి చేత అన్నవి ఆ తర్వాత తేలతాయి. ఏ ఇంజెక్షనూ వయసును వెనక్కి తిప్పదు. ఒక్కో ఇంజెక్షన్‌కు ఒక్కో పని ఉంది. ఆ పని మీ ముఖానికి అవసరమైతే ఫలితం బావుంటుంది. అవసరం లేకపోతే డబ్బు పోవడమే కాదు, ముఖం మనది కానట్టు తయారవుతుంది. ఏమీ చేయించుకోకూడదని అనుకోవడం కూడా నిండైన నిర్ణయమే. దాని గురించీ మాట్లాడుకుందాం.

వయసు ముఖాన్ని ఎలా మారుస్తుంది

పెళ్లి పందిరిని తలుచుకోండి. రాటలు గట్టిగా నిలబడి ఉన్నంతసేపు పైనున్న గుడ్డ బిగువుగా ఉంటుంది. రాట కుంగితే గుడ్డ జారుతుంది. అప్పుడు గుడ్డను ఎంత ఇస్త్రీ చేసినా లాభం లేదు. ముఖంలోనూ అడుగున ఎముక ఉంది, దాని మీద కండరాలూ కొవ్వూ ఉన్నాయి, అన్నిటికీ పైన చర్మం ఉంది. మనకు కనిపించేది చర్మమే కాబట్టి తప్పంతా దానిదే అనుకుంటాం.

నిజానికి వయసు అన్ని పొరల్లోనూ పనిచేస్తుంది. కంటి చుట్టూ ఉన్న ఎముక గుంట వెడల్పవుతుంది. పై దవడ కొద్దిగా వెనక్కి తగ్గుతుంది. కొవ్వు సంగతి 2007లో అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్లు రాడ్ రోరిక్, జోయెల్ పెస్సా స్పష్టంగా చూపించారు. మృతదేహాల ముఖాల్లోకి రంగు ఎక్కించి చూస్తే కొవ్వు ఒకే పొరగా కాకుండా విడివిడి అరలుగా ఉన్నట్టు తేలింది. వయసుతోపాటు కొన్ని అరలు తగ్గిపోతాయి, కొన్ని కిందికి దిగుతాయి. ఒకే ముఖంలో బుగ్గ పైభాగం పీక్కుపోయి, దవడ దగ్గర మాత్రం బరువుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక చర్మం. దానికి బిగువునిచ్చే కొల్లాజెన్ యౌవనం దాటాక ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని వైద్యులు లెక్కగడతారు. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయిన తర్వాత మొదటి అయిదేళ్లలో ఈ తగ్గుదల ఇంకా వేగంగా ఉంటుంది. వయసుకు ఎండ తోడవుతుంది. ఎండ చేసే పని ఎంతటిదో 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక ఫొటో చూపిస్తుంది. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికన్ డ్రైవర్ ముఖం అది. కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప మందపడి, లోతుగా ముడతలు పడి ఉంది. కుడి చెంప దానికంటే ఎన్నో ఏళ్లు చిన్నదిగా కనిపిస్తుంది. మన దగ్గర డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎండ తినేది కుడి చెంప. కారు అద్దం వేసుకున్నా చర్మాన్ని ముదిర్చే యూవీ‑ఏ కిరణాలు చాలావరకు లోపలికి వస్తాయి.

కాబట్టి ముఖంలో మార్పులను నాలుగుగా విడదీసుకుందాం. ఒకటి, కండరం కదిలినప్పుడల్లా పడే గీత. రెండు, ఉన్న నిండుదనం తగ్గి పడిన లోటు. మూడు, కిందికి జారడం. నాలుగు, చర్మం పలచబడటం, మచ్చలు, గరుకుదనం. ఇంజెక్షన్లు మొదటి రెండింటికి బాగా పనిచేస్తాయి. నాలుగోదానికి కొంత పనికొస్తాయి. మూడోదానికి చాలా తక్కువ.

అద్దం ముందు పది నిమిషాలు

పగటిపూట, కిటికీకి ఎదురుగా, మేకప్ లేకుండా కూర్చోండి. పక్కన పదేళ్ల కిందటి మీ ఫొటో ఒకటి పెట్టుకోండి. పోల్చుకోవాల్సింది సినిమా తారతో కాదు, అప్పటి మీతోనే.

ముఖాన్ని వదులుగా ఉంచి చూడండి. తర్వాత కనుబొమలు ముడవండి, పైకెత్తండి, బాగా నవ్వండి. కదిపినప్పుడు కనిపించి, వదిలేయగానే మాయమయ్యే గీతలు కదలికవి. వదిలేశాక కూడా నిలిచి ఉండేవి చర్మంలో ముద్రపడిపోయినవి. అమెరికన్ చర్మ వైద్యుడు రిచర్డ్ గ్లోగావ్ చర్మం ముదిరిన తీరును నాలుగు మెట్లుగా విడదీసింది కూడా ఈ తేడా చూసే. గీతలు లేని ముఖం, కదిలితేనే గీతలు పడే ముఖం, కదలకున్నా గీతలు ఉండే ముఖం, అంతటా ముడతలే ఉన్న ముఖం అన్నవి ఆ మెట్లు.

తర్వాత వెల్లకిలా పడుకుని, చేతి అద్దం పైకి పట్టుకుని చూడండి. ముక్కు పక్క నుంచి నోటి మూలల దాకా దిగే గాడి, దవడ కింద వేలాడే భాగం పడుకోగానే బాగా తగ్గిపోతే సమస్యలో జారుడు పాలు ఎక్కువని అర్థం.

కళ్ల కింది నలుపును విడిగా చూడండి. మనవాళ్లలో అది చాలా సాధారణం, అందులో పొరపాటు పడే అవకాశమూ ఎక్కువే. ఫోన్ టార్చి నేరుగా ఎదురుగా పెడితే నలుపు పోతే అది గుంట వల్ల పడిన నీడ. చర్మాన్ని మెల్లగా పక్కకు లాగితే గోధుమరంగు దాంతోపాటే కదిలితే అది చర్మంలోని రంగు. నీడకు ఫిల్లర్ పనికి రావొచ్చు. రంగుకు పనికిరాదు.

చూసినవన్నీ ఒక కాగితం మీద నాలుగు వరుసల్లో రాసుకోండి. వాటిలో మిమ్మల్ని నిజంగా బాధపెడుతున్న వాటి కింద మాత్రమే గీత గీయండి. ముఖంలో కనిపించే ప్రతి గీతా సరిచేయాల్సిన లోపం కాదు.

కదలిక గీతలకు: బొటులినమ్ టాక్సిన్

బొటాక్స్ అన్నది ఒక కంపెనీ పెట్టిన పేరు. లోపలున్న మందు బొటులినమ్ టాక్సిన్ ఎ. డిస్పోర్ట్, జియోమిన్ కూడా ఈ కోవవే. పాడైన ఆహారం ద్వారా ప్రాణాంతకమైన బొటులిజం తెచ్చే విషమే ఇది. అతి తక్కువ మోతాదులో, కచ్చితమైన చోట ఇస్తే మందవుతుంది. అమెరికన్ కంటి వైద్యుడు ఆలన్ స్కాట్ దీన్ని మెల్లకన్నుకు వాడటంపై పరిశోధన చేశారు. 1989లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మెల్లకన్నుకూ, కనురెప్పలు బలవంతంగా మూసుకుపోయే జబ్బుకూ దీన్ని అనుమతించింది. కెనడాలోని వాంకూవర్‌లో కంటి వైద్యురాలు జీన్ కరూథర్స్ ఆ రెప్పల జబ్బుకు సూది వేస్తున్నప్పుడు రోగుల కనుబొమల మధ్య గీతలు కూడా పోవడం గమనించారు. చర్మ వైద్యుడైన భర్త అలస్టేర్‌తో కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించారు. కనుబొమల మధ్య గీతలకు ఎఫ్‌డీఏ అనుమతి 2002లో వచ్చింది, కంటి చివరల ముడతలకు 2013లో, నుదుటి గీతలకు 2017లో.

ఇది పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదిలితే కండరం ముడుచుకుంటుంది. టాక్సిన్ ఆ విడుదలను ఆపుతుంది. కండరం సడలుతుంది, దాని మీది చర్మం ముడవదు. ఫలితం మూడు నుంచి అయిదు రోజుల్లో మొదలై, రెండు వారాలకు పూర్తిగా కనిపిస్తుంది. మూడు, నాలుగు నెలలకు తగ్గిపోతుంది. కనుబొమల మధ్య భాగానికి బొటాక్స్‌కు అనుమతించిన మోతాదు 20 యూనిట్లు. ఒక బ్రాండ్ యూనిట్ ఇంకో బ్రాండ్ యూనిట్‌కు సమానం కాదు. అందుకే ‘ఎన్ని యూనిట్లు?’ అని అడిగేటప్పుడు ‘ఏ బ్రాండ్?’ అని కూడా అడగాలి.

యాభై దాటినవాళ్లు ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. కనురెప్పలు కాస్త వాలిన వాళ్లు తమకు తెలియకుండానే నుదుటి కండరంతో కనుబొమలను పైకి లాగి పట్టుకుని ఉంటారు. అలాంటి నుదుటికి ఎక్కువ టాక్సిన్ ఇస్తే గీతలు పోతాయి గానీ కనుబొమలు కిందికి దిగి కళ్లు బరువెక్కుతాయి. మీ రెప్పలు ఎలా ఉన్నాయో, నుదురు ఎంత పనిచేస్తోందో డాక్టర్ పరీక్షించకుండా నుదుటి మీద సూది వేయించుకోవద్దు.

సూది వేసిన చోట కొద్దిగా కమిలిపోవడం, ఒకటి రెండు రోజులు తలనొప్పి రావడం మామూలే. అరుదుగా మందు పక్క కండరానికి చేరి కనురెప్ప వాలిపోవచ్చు. అది కొన్ని వారాల్లో తిరిగి సర్దుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయాస్తీనియా గ్రావిస్ వంటి నరాలు‑కండరాల జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. కొన్ని యాంటీబయాటిక్‌లు దీని ప్రభావాన్ని పెంచుతాయి కాబట్టి మీరు వాడే మందులన్నీ డాక్టర్‌కు చెప్పాలి.

తగ్గిన నిండుదనానికి: ఫిల్లర్లు

పీక్కుపోయిన బుగ్గకు, గుంటపడిన కణతలకు టాక్సిన్ ఏమీ చేయలేదు. అక్కడ కావలసింది నింపేది. ఎఫ్‌డీఏ 1981లో అనుమతించిన మొదటి తరం ఫిల్లర్ ఆవుల నుంచి తీసిన కొల్లాజెన్. ఎలర్జీ భయం వల్ల ముందుగా చర్మ పరీక్ష చేయాల్సి వచ్చేది. ఆ తర్వాత హైలురోనిక్ యాసిడ్ వచ్చింది. కార్ల్ మేయర్, జాన్ పామర్ 1934లో ఆవు కంటిలోని జెల్లీ నుంచి వేరుచేసిన పదార్థమిది. మన చర్మంలోనూ కీళ్లలోనూ సహజంగా ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది. దీంతో తయారైన రెస్టిలేన్‌కు అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది, జువెడెర్మ్‌కు 2006లో.

ఈ జెల్ అన్ని చోట్లా ఒకే రకం వాడరు. పెదవికి మెత్తనిది కావాలి, చెంప ఎముక మీద, గడ్డం మీద గట్టిది కావాలి. వాడిన రకాన్ని బట్టి, వేసిన చోటును బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా నిలుస్తుంది. కదలిక తక్కువున్న చోట ఇంకా ఎక్కువ కాలం ఉండిపోవచ్చు. అందుకే పాతది పూర్తిగా పోయిందని అనుకుని ఏటా పైపైన వేయించుకుంటూ పోతే ముఖం ఉబ్బిపోతుంది.

దీనికి మరో పెద్ద గుణం ఉంది. నచ్చకపోతే, లేదా ప్రమాదం వస్తే, హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌తో దీన్ని కరిగించవచ్చు. మొదటిసారి ఫిల్లర్ వేయించుకునేవారు కరిగించగలిగేదే ఎంచుకోవాలన్నది నా గట్టి మాట. వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయంతో మొదలుపెట్టడంలో భద్రత ఉంది.

నవ్వు గాడి గురించి కూడా ఒక మాట. చాలామంది ‘ఈ గాడి నింపండి’ అని అడుగుతారు. ఆ గాడి తరచుగా పైన బుగ్గలో నిండుదనం తగ్గడం వల్ల పడుతుంది. బుగ్గలో కొద్దిగా నింపితే గాడి దానంతటదే తేలికపడుతుంది. గాడిలోనే పోస్తూ పోతే నోటి చుట్టూ బరువెక్కుతుంది. కంటి కింద గుంట ఇంకా సున్నితమైనది. అక్కడ చర్మం పలచన, జెల్ పైపైన పడితే నీలిరంగు కనిపిస్తుంది, నీరు పట్టి ఉబ్బుతుంది. చేయి తిరిగిన వైద్యుడి దగ్గర కొద్దికొద్దిగా మాత్రమే చేయించుకోవాల్సిన చోటు అది.

నెమ్మదిగా కొల్లాజెన్ పెంచేవి, శాశ్వతమైనవి

పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్ వెంటనే నింపదు. చర్మం అడుగున కొల్లాజెన్ పుట్టేలా ప్రేరేపిస్తుంది. స్కల్ప్‌ట్రా పేరుతో వచ్చిన దీన్ని 2004లో హెచ్ఐవీ ఉన్నవాళ్ల ముఖాలు పీక్కుపోవడానికి చికిత్సగా అనుమతించారు. అందానికి 2009లో అనుమతి దొరికింది. కొన్ని వారాల ఎడంతో రెండు, మూడు విడతలు కావాలి. ఫలితం నెలల మీద కనిపిస్తుంది, రెండేళ్ల దాకా ఉండొచ్చు. 2006లో అనుమతి పొందిన రేడియెస్‌లో ఉన్నది కాల్షియం హైడ్రాక్సీఅపటైట్, ఎముకలోని ఖనిజం లాంటిదే. ఇది వెంటనే కొంత నింపుతుంది, తర్వాత కొల్లాజెన్‌నూ పెంచుతుంది. ముఖమంతా సమానంగా పలచబడినవాళ్లకు, ఓపిక ఉన్నవాళ్లకు ఇవి మంచివే. ఒక్కటి మరవద్దు, వీటిని కరిగించే ఎంజైమ్ లేదు. గడ్డ కడితే సరిచేయడం కష్టం.

శాశ్వత ఫిల్లర్ల విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. వద్దు. ఎముక, కొవ్వు, చర్మం మారుతూనే ఉంటాయి. ఈ రోజు సరిగ్గా కుదిరింది పదేళ్ల తర్వాత తప్పు చోట నిలిచి ఉంటుంది. ద్రవ సిలికాన్‌ను ముఖంలోకి ఎక్కించడానికి ఎఫ్‌డీఏ అనుమతే లేదు. ‘ఒక్కసారి వేస్తే జీవితాంతం’ అన్న మాట వినిపిస్తే అక్కడి నుంచి లేచి రండి.

చర్మం మెరుపు కోసం ఇచ్చేవి

మన నేల మీద ముడతల కంటే ముందే మనల్ని వేధించేవి మంగు మచ్చలు, ఎండకు కమిలిన రంగు. వీటికి నింపే సూదులూ కండరం సడలించే సూదులూ మందు కావు. సన్‌స్క్రీన్, డాక్టర్ రాసిచ్చే క్రీములు ముందు. మన చర్మం గాయపడిన చోట నల్లబడే గుణం ఉన్నది కాబట్టి, ఏ సూదినైనా పదేపదే గుచ్చే చికిత్సకు ఒప్పుకునే ముందు ఆ సంగతి అడగాలి.

పలచని హైలురోనిక్ యాసిడ్‌ను చర్మంలో చుక్కలుగా వేసే స్కిన్ బూస్టర్లు తేమను, నునుపును పెంచుతాయి. ఆకారం మార్చవు. పీఆర్‌పీ అంటే మన రక్తాన్నే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని చర్మంలోకి ఇవ్వడం. ముడతల మీద దాని ఫలితం మనిషికో తీరుగా ఉంటుంది. దానికి శుభ్రత ప్రాణం. అమెరికాలోని న్యూమెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ఇలాంటి ఫేషియల్ చేయించుకున్న మహిళలకు హెచ్ఐవీ సోకినట్టు అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో నివేదించింది. ఇక తెల్లబడటానికని నరంలోకి ఎక్కించే గ్లూటాథయోన్ ముడతలకు చికిత్స కాదు. చర్మం తెల్లబరచడానికి ఏ ఇంజెక్షన్‌నూ ఎఫ్‌డీఏ అనుమతించలేదు.

సూది చేయలేని పని

దవడ గీత పూర్తిగా జారిపోయి, మెడ చర్మం వేలాడుతున్నప్పుడు దాన్ని ఫిల్లర్‌తో పైకెత్తాలని చూడటం వల్లే బూరెబుగ్గల ముఖాలు తయారవుతున్నాయి. అక్కడ నిజమైన మార్గాలు రెండే. అర్హత ఉన్న ప్లాస్టిక్ సర్జన్‌తో ఆపరేషన్ గురించి మాట్లాడటం ఒకటి, ఉన్నదాన్ని ఉన్నట్టు స్వీకరించడం ఇంకొకటి. రెండూ గౌరవమైనవే. గడ్డం కింద కొవ్వు మాత్రమే ఉండి చర్మం బిగువుగా ఉన్నవాళ్లకు డీఆక్సీకోలిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఉంది. ఎఫ్‌డీఏ 2015లో అనుమతించింది. అది కొవ్వు కణాలను చంపుతుంది. వాపు చాలా రోజులు ఉంటుంది, కొందరిలో నవ్వు తాత్కాలికంగా వంకరపోతుంది. చర్మం వేలాడుతున్నవాళ్లకు అది పనికిరాదు.

తప్పక తెలుసుకోవాల్సిన ప్రమాదం

ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే ఆ నాళం మూసుకుపోతుంది. రక్తం అందని చర్మం చచ్చిపోతుంది. కనుబొమల మధ్య, ముక్కు మీద నాళాలకు కంటి నాళాలతో సంబంధం ఉంది కాబట్టి అక్కడ జరిగితే చూపు పోవచ్చు. ఇది అరుదు. అయినా జరిగినప్పుడు నిమిషాలు లెక్కలోకి వస్తాయి. రెటీనాకు గంట, గంటన్నర రక్తం అందకపోతే చూపు తిరిగి రావడం చాలా కష్టం.

గుర్తులు నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి. సూది వేస్తుండగానో తర్వాతో చర్మం ఉన్నట్టుండి తెల్లబారడం, వల అల్లినట్టు నీలి చారలు, మామూలు కంటే ఎక్కువగా పెరుగుతూ పోయే నొప్పి, కన్ను నొప్పి, చూపు మసకబారడం. మన ఛాయలో తెల్లబారడం వెంటనే కనిపించకపోవచ్చు, అందుకే నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. వీటిలో ఏది కనిపించినా ‘రేపు పొద్దున చూద్దాం’ అనుకోకూడదు. వెంటనే ఆ వైద్యుడికి ఫోన్ చేయాలి. చూపు తేడా వస్తే కంటి ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఎవరి చేతిలో మీ ముఖం పెడుతున్నారు

మందు కంటే చేయి ముఖ్యం. చర్మ వ్యాధుల్లో ఎండీ, డీఎన్‌బీ, డీడీవీఎల్ చేసినవాళ్లు, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ చేసినవాళ్లు ఈ పనికి శిక్షణ ఉన్న వైద్యులు. బోర్డు మీద ‘కాస్మటాలజిస్ట్’ అని ఉంటే సరిపోదు. కొన్ని రోజుల కోర్సు చేసినవాళ్లూ ఆ మాట రాసుకుంటున్నారు. డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ లేదా జాతీయ వైద్య రిజిస్టర్‌లో ఆ పేరు ఉందో లేదో చూసుకోవచ్చు. బ్యూటీ పార్లర్‌లో, హోటల్ గదిలో, ఎవరింట్లోనో నలుగురు కలిసి చేయించుకునే ఇంజెక్షన్లు ఎంత చవకైనా వద్దు.

సీసా మీ కళ్ల ముందు తెరవమనండి. బ్రాండ్, బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇది వైద్యుణ్ణి అవమానించడం కాదు, మంచి వైద్యుడు తనే చూపిస్తాడు. 2024లో అమెరికాలోనే అనేక రాష్ట్రాల్లో నకిలీ బొటాక్స్ వల్ల మనుషులు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడి అధికారులు హెచ్చరికలు జారీ చేశారు.

వైద్యుడితో మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నలు అడగండి.

‘నా ముఖంలో ఈ మార్పుకు కారణం ఏమిటి?’
‘ఈ మందే ఎందుకు? ఇంకేమైనా మార్గం ఉందా? ఏమీ చేయకపోతే ఏమవుతుంది?’
‘దీన్ని కరిగించగలమా? హైలురోనిడేజ్ ఇప్పుడు మీ క్లినిక్‌లో ఉందా?’
‘రాత్రిపూట ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?’
‘నాలాంటి వయసు, నాలాంటి చర్మం ఉన్నవాళ్లకు ఎంతకాలంగా చేస్తున్నారు?’

నాలుగో ప్రశ్నకు నంబర్ చెప్పలేని చోట ఒప్పుకోవద్దు. ‘మీకు ఇది అక్కర్లేదమ్మా’ అని చెప్పగలిగిన వైద్యుడు దొరికితే వదులుకోవద్దు.

డబ్బు లెక్క, తేదీ లెక్క

ఒక్క విడత ధర చూసి నిర్ణయించకండి. ఉదాహరణకు టాక్సిన్ ఒక విడతకు 15,000 రూపాయలు చెప్పారనుకుందాం. ఏడాదికి మూడు విడతలంటే 45,000. అయిదేళ్లకు 2,25,000. ఆ మొత్తం చూసి కూడా మనసు సరే అంటేనే మొదలుపెట్టండి. దీనికోసం అప్పు చేయడం, ‘ఈ రోజే కడితే సగం ధర’ అన్న ప్యాకేజీకి లొంగడం వద్దు.

అమ్మాయి పెళ్లికో, గృహప్రవేశానికో చేయించుకోవాలనుకుంటే మొదటిసారి ముహూర్తం ముందు వారంలో అసలు వద్దు. టాక్సిన్‌కు కనీసం నెల, ఫిల్లర్‌కు నెలన్నర ముందు చేయించుకుంటే వాపు తగ్గడానికీ సర్దడానికీ సమయం ఉంటుంది. అమెరికా, గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాళ్లు దిగిన మొదటి వారంలో చేయించుకోవాలి తప్ప, విమానం ఎక్కే ముందు రోజు కాదు. రెండు వారాలకు వైద్యుడు మళ్లీ చూడాలి, ఇబ్బంది వస్తే చేసినవారే దగ్గరుండాలి.

రక్తం పలచబడే మాత్రలు, చేపనూనె, విటమిన్ ఇ వంటివి వాడుతుంటే కమిలిపోవడం ఎక్కువ. అయినా గుండె కోసం వాడే మాత్రను గుండె డాక్టర్‌ను అడగకుండా ఒక్క రోజు కూడా ఆపకండి. ముఖం మీద పొక్కులు, చీము ఉంటే అవి మానేదాకా ఆగండి. పెదవుల మీద తరచూ జ్వరపు పొక్కులు వస్తుంటే, గాయం మానాక మచ్చ ఉబ్బే తత్వం ఉంటే ముందే చెప్పండి. పళ్ల చికిత్సకూ ఫిల్లర్‌కూ మధ్య రెండు వారాలు ఎడం ఉంచండి.

ఎవరి కోసం

సూది గుచ్చుకునే ముందు మనసును కూడా ఒకసారి చూసుకోవాలి. ‘అలసిపోయినట్టు కనిపిస్తున్నావు వదినా’ అన్న ఒక్క మాటకు నిర్ణయం తీసుకోవద్దు. భర్త ఆదరణ కోసం, ఆఫీసులో చిన్నవాళ్లతో పోటీ కోసం, చనిపోయిన తోడును మరవడం కోసం చేయించుకున్నప్పుడు సూది ఆ పని చేయలేదు. అది చేయగలిగింది ఒక గీతను తేలిక చేయడమే. రోజూ గంటల తరబడి అద్దంలో ఒకే లోపాన్ని చూసుకుంటూ, ఎన్ని చేయించుకున్నా తృప్తి లేకపోతే అది శరీర రూపం గురించిన మానసిక రుగ్మత కావొచ్చు. దానికి మానసిక వైద్యులు మంచి చికిత్స ఇస్తారు. మీ కోసం, మీ సంతోషం కోసం, ఎవరికీ చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా ఒక చిన్న మార్పు కోరుకుంటే మాత్రం అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆడవాళ్లకైనా, మగవాళ్లకైనా.

అసలు వద్దనుకున్నవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. ఆస్ట్రేలియాలోని నాంబోర్ పట్టణంలో 900 మందికి పైగా వయోజనులపై జరిపిన పరిశోధన ఫలితం 2013లో వచ్చింది. నాలుగున్నరేళ్లు రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో, ఇష్టం వచ్చినప్పుడు రాసుకున్నవాళ్ల కంటే చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉంది. చర్మ వైద్యుడి సలహాతో రాత్రిపూట రాసుకునే రెటినాయిడ్ క్రీము సన్నని గీతలను నెమ్మదిగా తగ్గిస్తుంది. గర్భిణులు మాత్రం వాడకూడదు. పొగాకు మానడం, గొడుగు పట్టుకోవడం, కంటినిండా నిద్ర ఇవన్నీ ముఖానికి చేరేవే. సూది వేయించుకునేవాళ్లకూ ఈ అలవాట్లు పునాది. ఇవి లేకుండా వేసిన మందు ఎండలో ఆవిరయ్యే డబ్బే.

ఆచరణ

ఈ వారం: అద్దం పరీక్ష చేసి నాలుగు వరుసల కాగితం రాయండి. బాధపెడుతున్నది ఒక్కటే ఎంచుకోండి. రేపటి నుంచే సన్‌స్క్రీన్ మొదలుపెట్టండి.

వచ్చే నెల: ఇద్దరు అర్హులైన వైద్యులను విడివిడిగా కలవండి. ఇద్దరూ కారణం ఒకటే చెబితే ముందుకు వెళ్లొచ్చు. చెప్పిన రోజే చేయించుకోకుండా కనీసం రెండు వారాలు ఆగండి. అప్పటికీ కోరిక అలాగే ఉంటే అది నిలకడైన కోరిక.

మొదటిసారి: ఒకే చోట, ఒకే మందు, తక్కువ మోతాదు, వెనక్కి తీసుకోగలిగింది. ముందూ తర్వాతా ఒకే వెలుతురులో ఫొటోలు. వేసిన మందు పేరు, బ్యాచ్, మోతాదు, తేదీ ఒక పుస్తకంలో. ఇంకో ఊరికి మారినా, ఇంకో వైద్యుణ్ణి కలిసినా ఆ పుస్తకం పట్టుకెళ్లండి.

ఆరు నెలల తర్వాత: కాగితం తీసి, ఫొటోలు పక్కన పెట్టుకుని చూడండి. ఖర్చుకు తగ్గ తృప్తి దొరికిందనిపిస్తే కొనసాగించండి. లేదనిపిస్తే ఆపేయండి. టాక్సిన్ ఆపేస్తే ముఖం ముందుకంటే పాడవుతుందన్న భయం అక్కర్లేదు. కండరం మళ్లీ కదులుతుంది, గీతలు మెల్లగా పాత స్థితికి వస్తాయి, అంతే. మొదలుపెట్టాం కాబట్టి జీవితాంతం సాగించాలన్న నియమం ఏదీ లేదు. ఏ ఏడాదికి ఆ ఏడాది, మీ ముఖాన్నీ మీ మనసునూ మళ్లీ అడిగి నిర్ణయించుకునే హక్కు మీదే.